అడుగు పొరలో ఉప్పు

వంతెన మీద వరసలో మాచన ముందు నిలబడిన మనిషిని లేడి నాకింది.

ఒళ్లు కూడా కాదు, తలపాగా అంచును నాకింది, అంతే. వెన్నముద్దకు నాలుగు కాళ్లు మొలిచినట్టుండే తెల్లటి లేడి అది. మెడలో చిన్న వెండిగంట. చూసిన ఎవరికైనా దగ్గరకు తీసుకోవాలనిపిస్తుంది. కాని అది నాలుక చాచిన చోట ఉప్పు ఉన్నట్టే లెక్క. భటులు ఆ మనిషి తలపాగా విప్పారు. మడతల్లోంచి ఎండుచేప ముక్క ఒకటి రాలిపడింది. పడవలు కట్టుకుని బతికే ముసలివాడతను. దారిలో తినడానికి పెట్టుకుని మరిచిపోయానని చెప్పబోయాడు. ఆ మాట పూర్తికాకముందే భటులు అతన్ని ఎత్తి అగడ్తలోకి విసిరేశారు.

కింద పాచినీళ్లలో మొసళ్లు కదిలాయి.

మాచన కాలు జారినట్టు ముందుకు తూలాడు. భుజం మీది కావడి ఒరిగింది. బుట్టలోని పనసకాయలు ఒకదాని వెనక ఒకటి దబ్బున నీళ్లలో పడ్డాయి. చప్పుడు వినిపించిన వైపుకు మొసళ్లు మళ్లాయి. ఆ కాస్త వ్యవధిలో ముసలివాడు అవతలి గట్టున చెట్టు వేళ్లు పట్టుకుని పాకి, తుప్పల్లో పడి కనపడకుండా పోయాడు. భటులు మాచనను తిట్టారు. మాచన చేతులు జోడించి, తాను కొండసీమ వంటవాడినని, చదునైన నేల మీద నడవడం ఇంకా అలవాటు కాలేదని విన్నవించుకున్నాడు. భటులు నవ్వారు. లేడి అతని చుట్టూ తిరిగింది. పాదాలు వాసన చూసింది, రొంటి దగ్గర ఆగింది, చెవులు నిక్కించింది.

ఆ రొంటిలో, బట్ట మడత కింద, నిమ్మకాయంత మైనపు ముద్ద ఉంది. మైనం లోపల ఉప్పు ఉంది. పై మైనాన్ని మాచన ఎక్కడా సూదిమొన దిగేంత సందు లేకుండా పట్టించాడు. లేడి ఒక్క క్షణం ఆలోచించినట్టు నిలబడి, తల తిప్పుకుని వెళ్లిపోయింది.

మాచన కోటలోకి అడుగుపెట్టాడు.

*

కౌముదీపురాన్ని ఆ వేళ చూసినవారెవరైనా అది నేల మీద ఉందని అనుకోరు. పాలరాతి మేడలు, వాటి మీద పావురాళ్ల రంగు గోపురాలు, ప్రతి వాకిట్లో సన్నజాజి పందిరి, పందిరి కింద ఊగే ఊయల. గాలి కూడా పాదాలు ఒత్తి నడిచినట్టు మెల్లగా వీస్తుంది. మనుషులు చిరునవ్వుతో తిరుగుతారు. గట్టిగా మాట్లాడరు, తొందరపడరు. ఒక ఇంటి అరుగు మీద ఒక ముసలావిడ పీట పక్కన ఇంకో పీట వేసి, ఎవరూ లేని ఆ పీటతో మాట్లాడుతూ వక్కలు కత్తిరిస్తోంది. ఇంకో ఇంట్లో ఒక యువకుడు రెండు ముంతల్లో మజ్జిగ పోశాడు. ఒకటి తాను తాగి, రెండోది ఎదురుగా పెట్టి, అది నిండుగా ఉన్నంతసేపూ తృప్తిగా చూస్తూ కూర్చున్నాడు. వీధుల్లో ఎక్కడా ఏడుపు వినిపించదు. చంటిపిల్లలు కూడా ఏడవరు.

దీనికంతటికీ మూలం సముద్రంలో మునిగిన ఒక ఓడ. రాజు జయకేతనుడు ఆ ఓడలో వెళ్లి తిరిగి రాలేదు. రాణి విరజాదేవి అన్నపానాలు మానేసి కూర్చున్న రోజుల్లో మేచకుడనే మాంత్రికుడు వచ్చాడు. ఉప్పు మానేస్తే పోయినవాళ్లు కనిపిస్తారని ఆమెకు ఆశ పెట్టాడు. ఆమె ఉప్పు మానేసింది. మరుసటి సాయంకాలం రాజు వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఊళ్లో అందరికీ పోయినవాళ్లు ఉన్నారు కదా. రాణిని చూసి ఊరూ ఉప్పు మానేసింది. ఆ తర్వాత మానని వాళ్ల కోసం వంతెన మీద లేడిని పెట్టారు.

ఇప్పుడు జ్యేష్ఠ పున్నమి దగ్గరపడింది. ఆ పున్నమి సాయంత్రం చంద్రుడు పొడిచే వేళకు వెన్నెలకొలువు జరుగుతుంది. ఆ కొలువులో రాణి తన రాజముద్ర ఉంగరాన్ని మేచకుడి చేతికి తొడుగుతుంది. ఆ పని చెయ్యమని పక్కన కూర్చున్న రాజే చెప్పాడట. ఉంగరం అతని వేలికి చేరితే రాజ్యం చేరినట్టే. మొదటి ఆజ్ఞ ఏమిటో కూడా అందరికీ తెలుసు. సముద్రతీరం పొడవునా ఉన్న ఉప్పుమళ్లన్నిటినీ నదిని తిప్పి ముంచేస్తారు. మాచన వాళ్ల ఊరు ఆ మళ్ల మధ్యనే ఉంది. కొండసీమ అన్నది వంతెన మీద చెప్పిన అబద్ధం.

రాజుతో పాటు మునిగిన ఆ ఓడకు చుక్కాని పట్టినవాడు కూచన. మాచనకు అన్న.

*

రాచవంటశాలకు పెద్ద వీరలమ్మ. ఎత్తు తక్కువ, గొంతు ఎక్కువ. మాయ పట్టని మనిషి కోట మొత్తంలో ఆమె ఒక్కతే. ఎందుకు పట్టలేదో మొదటి పూటే మాచన కళ్లారా చూశాడు. ఉల్లిపాయలు తరగడం ఆమె ఎవరికీ అప్పగించదు. కత్తిపీట ముందు కూర్చుని బుట్టెడు ఉల్లిపాయలు తరుగుతుంది. కళ్ల నుంచి నీళ్లు ధారగా కారి పెదవుల మీదికి జారుతాయి. ఆమె వాటిని తుడుచుకోదు. రోజుకు అన్ని కన్నీళ్లు మింగే మనిషికి ఉప్పుకు కరువేమిటి. లేడి వచ్చి ఆమె చెంపలు నాకినా భటులకు అనుమానం రాదు. ఉల్లిపాయల ముసలిది అని వాళ్లు నవ్వుకుంటారు.

మాచన తన సంగతి చెప్పి మైనపు ముద్ద చూపించగానే ఆమె దాన్ని కళ్లకద్దుకుంది.

“ఏం చెయ్యగలవు నువ్వు?”

“ముప్పొర చేస్తాను అవ్వా.”

వీరలమ్మ కత్తిపీట మీది నుంచి లేచి నిలబడింది.

ముప్పొర ఆ తీరదేశంలో నలుగురు కూడిన చోటల్లా చేసే వంటకం. పెళ్లి జరిగినా, కొత్త పడవను నీళ్లలోకి దించినా, ఇంట్లో మనిషి పోయి బంధువులు చేరినా చేస్తారు. అడుగున ఉప్పటి పొర, నడుమ తియ్యటి మీగడ పొర, పైన పళ్ల పొర. దాన్ని వడ్డించే పద్ధతి ఒకటుంది. గరిట అడుగు దాకా దిగాలి, మూడు పొరలూ కలిసి పైకి రావాలి. పైపైన గీసి పెడితే అతిథిని గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడి పంపినట్టు. మొదటి గరిటను ఇంటి పెద్ద తన చేత్తో పెద్ద అతిథి నోటికి అందించాలి. అతిథి వద్దంటే ఆ గరిట తిరిగి పళ్లెంలోకి పోకూడదు. అందించిన మనిషే తినాలి.

ఉప్పు పోయిన నాటి నుంచి కోటలో ముప్పొర చెయ్యలేదు. అడుగు పొరలో ఉప్పు లేకపోతే అది వట్టి పిండి.

“కొలువులో పెద్ద అతిథి ఆ మేచకుడే కదరా,” అంది వీరలమ్మ నెమ్మదిగా. “ఆ మాంత్రికుడు ఉప్పు ముట్టడు. ముట్టిన నాడు వాడి మంత్రం వాడి మాటే వినదు. రాణీగారు మొదటి గరిట వాడి నోటికే పెడుతుంది. తిన్నాడా, వాడి పని అయిపోయింది. తినలేదా, ఆవిడే తింటుంది. ఎటు తిరిగినా ఉప్పు చేరాల్సిన చోటికే చేరుతుంది.”

“మరి లేడి?”

“అది నీ చేతిపని. మీగడ నీ మైనంలా అంచుల దాకా మూసిందా, దానికి ఉప్పు వాసన తగలదు.”

ఆ పథకం అంతవరకు బాగానే ఉంది. కాని కొలువు దాకా మాచన కోట తిండి తినాలి. తినకపోతే భటులు గమనిస్తారు. ఉప్పు లేని అన్నం, ఉప్పు లేని పప్పు, ఉప్పు లేని చారు. మొదటి పూట అది నోట్లో దూదిలా తిరిగింది. తర్వాతి పూట బాగానే అనిపించింది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, రోళ్ల వెనక గోడకు ఆనుకుని, మోకాళ్లు దగ్గరకు ముడుచుకుని, కూచన కూర్చుని ఉన్నాడు.

అదే పంచె. కుడి కనుబొమ మీద అదే మచ్చ. మాచన చేతిలో రోకలి ఆగిపోయింది.

“ఏరా మాచా, చిక్కిపోయావే,” అన్నాడు అన్న.

వీరలమ్మ చూసింది. మాచన చూపు ఎటు నిలిచిపోయిందో చూసి ఆమెకు అర్థమైంది. దగ్గరకు వచ్చి, ఉల్లిపాయల పళ్లెం అతని ముందు పెట్టి, కాసేపు తరగమంది. మాచన తరిగాడు. కళ్లు మండాయి, ఎర్రబడ్డాయి, ఒక్క చుక్క రాలేదు. అన్న పోయిన కబురు వచ్చిన నాడూ రాలేదు.

“ఒక్కసారి ఏడిచి ఉంటే నీకీ తిప్పలు లేకపోయేవిరా అబ్బాయ్,” అంది ఆమె. రోళ్ల వెనక నుంచి అన్న చిరునవ్వు నవ్వుతూ మాచనకేసే చూస్తున్నాడు. ఆ నవ్వు అంత దగ్గర్లో ఉండగా ఇంకో మాట వినడం కష్టం.

*

పున్నమి నాటి ఉదయం పని మొదలైంది.

బియ్యప్పిండిలో మాచన మైనం చీల్చి తీసిన ఉప్పు కలిపాడు. మొత్తం వెయ్యలేదు. కొంత మైనంలోనే మిగిల్చి మళ్లీ మూసి రొంటిలో దోపాడు. పిండిని వేడినీళ్లతో తడిపి, పల్చగా ఒత్తి, నేతిలో ఎర్రగా కరకరలాడేటట్టు కాల్చాడు. వాటిని రోట్లో వేసి దంచాడు. మెత్తగా కాదు, పలుకు పంటికి తగిలేటట్టు. అందులో వెన్న, చారెడు బెల్లంపొడి కలిపి, మనిషి చేతులు చాచినంత వెడల్పున్న కంచు తాంబాళంలో పరిచి, అరచేత్తో అదిమాడు. మూత పెట్టి, మూత మీద నిప్పులు పోశాడు. కాసేపటికి వంటశాలంతా వేగిన పిండి వాసనతో నిండింది. లేడి అప్పుడు ఊరి చివర వంతెన మీద ఉంది. ఆ వాసన అక్కడికి చేరకుండా వీరలమ్మ నాలుగు పొయ్యిల మీద సాంబ్రాణి వేసింది.

అడుగు పొర చల్లారింది. నడుమ పొరకు బట్టలో కట్టి వేలాడదీసిన గడ్డపెరుగు, చిక్కటి గేదెపాల మీగడ, కలకండ పొడి. మాచన వాటిని కవ్వంతో గిలకొట్టాడు. మబ్బు తునకను కుండలో పట్టుకున్నట్టయింది. దాన్ని అడుగు పొర మీద పోసి, వెడల్పాటి చెక్కతో నడుమ నుంచి అంచుల వైపు మెల్లగా తోశాడు. ఊళ్లో ఈ పని అన్న వంతు. అమ్మ పిండి దంచేది, మాచన పళ్లు ఒలిచేవాడు, అన్న మీగడ పరిచేవాడు.

అన్న ఇప్పుడు పక్కనే నిలబడి చూస్తున్నాడు. పాత సంగతులు చెబుతున్నాడు. చిన్నప్పుడు ఉప్పుమడిలో మాచన పడిపోయి తెల్లగా లేచిన సంగతి, అమ్మ కొట్టబోతే ఇద్దరూ గాదె వెనక దాక్కున్న సంగతి. మాచనకు తాను ఎక్కడున్నాడో మరుపు వచ్చింది. చెక్క నెమ్మదించింది.

“చాల్లేరా, ఇంక వదిలెయ్,” అన్నాడు అన్న. “అంచుల దాకా ఎవడు చూస్తాడు?”

మాచన చెక్క పక్కన పెట్టేశాడు.

పై పొర కోసం నేరేడు పళ్లు సిద్ధంగా ఉన్నాయి. గింజ తీసిన కండ, వడగట్టిన రసం, దాన్ని గడ్డకట్టించడానికి సముద్రపు నాచును మంచినీళ్లలో పదేపదే కడిగి కాచిన జిగురు. రసం గోరువెచ్చన కూడా ఉండకూడదు. వేడి మీద పోస్తే మీగడ కరిగి చీలిపోతుంది. గరిట వెనక రసం తెరలా నిలిచే దాకా ఆగి, మాచన పోశాడు. తెల్లటి మీగడ మీద ఊదారంగు పరుచుకుంది. సాయంకాలపు ఆకాశాన్ని పళ్లెంలోకి దించినట్టుంది. నడుమ నడుమ మామిడి ముక్కలు నక్షత్రాల్లా అమర్చాడు. తన చేతిపని చూసి తానే కాసేపు మైమరిచాడు.

అప్పుడు కనిపించింది. తాంబాళం కుడి అంచున వేలెడు మేర మీగడ చేరలేదు. ఆ సందులోంచి నేరేడు రసం అడుగు పొరలోకి ఇంకుతోంది. ఉప్పు నాని పైకి ఊరుతోంది.

అదే క్షణాన గుమ్మం దగ్గర వెండిగంట మోగింది.

మేచకుడు లోపలికి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, కొంగలా మెడ ముందుకు చాచి నడిచే మనిషి. మాట మాత్రం తేనె. కొలువుకు పోయే ప్రతి పళ్లెమూ తన కళ్ల ముందు లేడి చూడాలన్నాడు. లేడి తాంబాళం చుట్టూ నడిచింది. ఎడమ అంచు వాసన చూసింది, వదిలేసింది. ముందుకు వచ్చింది. కుడి అంచు దగ్గరకు వచ్చి ఆగింది. దాని నాలుక బయటికి వచ్చింది.

మాచన తాంబాళాన్ని సర్దుతున్నట్టు రెండు చేతులూ ఆ అంచు మీద వేశాడు. పొద్దుటి నుంచి నిప్పుల ముందు నిలబడిన చేతులవి. చెమట మణికట్టు నుంచి కారుతోంది. లేడి నాలుక అతని వేళ్లకు తగిలింది. అక్కడే ఉండిపోయింది. వేళ్లు నాకింది, అరచెయ్యి నాకింది, మోచెయ్యి దాకా నాకుతూ పోయింది.

మేచకుడు కళ్లు చిన్నవి చేసి చూశాడు. వీరలమ్మ నడుం మీద చెయ్యి వేసి కసిరింది.

“ఆ చెమట చేతులు పళ్లెం మీద వేస్తావేంరా? కొండసీమలో స్నానాలు లేవా? పో, కడుక్కునిరా. స్వామివారి ముందు నా పరువు తీశావు.”

మేచకుడు మూతి ముడిచి, చెయ్యి దులుపుకున్నట్టు కదిలించి, లేడిని పిలుచుకుని వెళ్లిపోయాడు.

గంట చప్పుడు దూరమయ్యాక మాచన మిగిలిన మీగడ తీసుకుని ఆ సందు పూడ్చాడు. కంచు గోడను మీగడ ముట్టేదాకా వేలితో అదిమాడు. అలా అదుముతుంటే ఊళ్లో ఇదే పని చేసిన అన్న గొంతు జ్ఞాపకం వచ్చింది. మీగడ పరిచిన ప్రతిసారీ కూచన అడిగే మాట ఒక్కటే. అంచు ముట్టిందా? చుట్టూ తిరిగి, వంగి, కళ్లు చికిలించి చూసి, తమ్ముడి చేత కూడా చూపించి, అప్పుడు గాని రసం పొయ్యనిచ్చేవాడు కాదు. పడవ అడుగున చెక్కల సందులు పూడ్చేటప్పుడూ అదే మాట.

మాచన తల ఎత్తి రోళ్ల వైపు చూశాడు. కనుబొమ మీద మచ్చ ఉన్న మనిషి నవ్వుతూ నిలబడి ఉన్నాడు.

“చాల్లేరా అన్నావు నువ్వు,” అన్నాడు మాచన.

*

చంద్రుడు సముద్రం అంచు మీదికి వచ్చాడు. మేడ పైభాగాన, కప్పు లేని సభలో వెన్నెలకొలువు తీరింది. నేలంతా తెల్లటి పరుపులు, వాటి మీద మల్లెరేకులు. ఎక్కడా దీపం లేదు. మంత్రులూ దళపతులూ వర్తకులూ వరసల్లో కూర్చున్నారు. ప్రతి మనిషి పక్కనా ఒక ఖాళీ చోటు వదిలి ఉంది. అందరూ ఆ ఖాళీల వైపే ఒరిగి గుసగుసలు చెప్పుకుంటున్నారు. వీణ వాయించే ఆమె కూడా ఒక తీగ మీటి, పక్కనున్న ఎవరికో వినిపించిందా అన్నట్టు చూసి, మళ్లీ మీటుతోంది.

రాణి విరజాదేవి పచ్చిపాల నురుగులాంటి చీర కట్టుకుని ఎత్తైన ఆసనం మీద ఉంది. ఆమె పక్క ఆసనం మీద పట్టుదిండు. ఎదుట తమలపాకుల పళ్లెంలో, ఎర్రటి పట్టుతాడుకు గుచ్చిన రాజముద్ర ఉంగరం. ఇంకో వైపు మేచకుడు, అతని కాళ్ల దగ్గర లేడి.

మాచనా వీరలమ్మా తాంబాళం మోసుకొచ్చి ముందు పెట్టారు. దాన్ని చూసి రాణి ముఖంలో చిన్న కదలిక వచ్చింది. మేచకుడు ఆ కదలికను చూశాడు. తాను వ్రతంలో ఉన్నందున ఒక పండు ముక్క మాత్రం చాలునని, దేవిగారు కూడా పైపొరతో సరిపెట్టుకుంటే ఆరోగ్యమని మృదువుగా సెలవిచ్చాడు. రాణి పక్క దిండు వైపు తిరిగి విన్నది. అక్కడి నుంచి కూడా అదే సలహా వచ్చినట్టుంది. తల ఊపింది.

వీరలమ్మ చెయ్యి మాచన మోచేతిని గట్టిగా పట్టుకుంది. ఎటు తిరిగినా చేరుతుందనుకున్న ఉప్పు ఇంక ఎటూ చేరదు.

రాణి వెండిగరిట తీసుకుంది. పళ్ల మీద ఆనించింది. ఆమె కళ్లు ఎక్కడో ఉన్నాయి. కాని ఆ చెయ్యి కొత్తకోడలిగా ఈ మేడకు వచ్చిన నాటి నుంచి ప్రతి కొలువులోనూ ముప్పొర వడ్డించిన చెయ్యి. పళ్లెం ముందు కూర్చుంటే ఎంత లోతుకు దిగాలో దానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. గరిట పళ్లలో ఒక్క క్షణం ఆగింది. తర్వాత మెల్లగా, అలవాటుగా, కిందికి దిగింది. మీగడ చీలింది.

కరకరమని చప్పుడైంది.

ఆ చప్పుడుకు సభలో గుసగుసలు ఆగాయి. తలలు కొన్ని ఇటు తిరిగాయి. ఎందుకు తిరిగాయో ఆ తలలకే తెలియదు.

మూడు పొరలూ నిలబడిన గరిటను రాణి మేచకుడి నోటికి అందించింది. అతను ముఖం పక్కకు తిప్పుకున్నాడు. తిప్పుకున్న వైపు లేడి ఉంది. దాని మెడ గరిటకేసి సాగుతోంది, నాలుక బయటికి వచ్చింది. మేచకుడు అది చూశాడు. అతని గొంతులోని తేనె ఒక్కసారిగా ఇంకిపోయింది.

“పారెయ్యి దాన్ని,” అన్నాడు.

కాని అతిథి వద్దన్నాడు కదా. గరిట తిరిగి పళ్లెంలోకి పోదు. రాణి దాన్ని తన నోట్లో పెట్టుకుంది.

ఆమె నమిలింది. ముందు పండు పులుపు, ఆ వెనక మీగడ తీపి, అన్నిటికీ చివర ఉప్పు. ఆమె నమలడం ఆపింది. పక్క ఆసనం వైపు చూసింది. చెయ్యి చాచి పట్టుదిండును తాకింది. దిండు మీద ఒక్క ముడత లేదు.

“ఎన్నాళ్లయింది?” అని అడిగింది, ఎవరినని కాకుండా.

“ఏడాది దాటిందమ్మా,” అంది వీరలమ్మ.

“నేను ఏడ్చానా?”

“లేదు తల్లీ.”

రాణి చెయ్యి దిండు మీదే ఉంది. అప్పుడు ఏడ్చింది. ఏడాదిపాటు రావలసిన ఏడుపు కాబట్టి చాలాసేపే ఏడ్చింది. లేడి మేచకుడి కాళ్ల దగ్గర నుంచి లేచి, నడిచి వచ్చి, ఆమె చెంప మీది నీళ్లను నాకింది. మేచకుడు గంట పట్టి వెనక్కి లాగాడు. లేడి కదలలేదు.

రాణి ముఖం తుడుచుకోకుండానే తల ఎత్తింది. అందరికీ వడ్డించమని, అడుగు దాకా తియ్యమని, తొందరపెట్టవద్దని చెప్పింది. తర్వాత ఉంగరం కోసం చెయ్యి చాచింది.

ఆ చెయ్యి చేరకముందే మేచకుడు భుజం మీది నల్లటి శాలువను విసిరాడు. శాలువ రెక్కలయింది. మెడ సాగింది, ముక్కు మొలిచింది. మనిషి ఎత్తు కొంగ ఒకటి తమలపాకుల పళ్లెం మీద వాలి, పట్టుతాడులోకి తల దూర్చి, ఉంగరం మెడలో ఊగుతుండగా సభ మీదుగా లేచింది. మల్లెరేకులు సుడి తిరిగాయి. దళపతులు కలలోంచి లేవనేలేదు. కత్తి దూసినవాడు లేడు.

మాచన పరుగెత్తాడు. కొంగ పిట్టగోడ దాటబోతోంది. గోడకూ అతనికీ మధ్య, రెండు చేతులూ చాపి, కూచన నిలబడ్డాడు.

“వద్దురా మాచా. పడిపోతావు. ఇక్కడే ఉండు, నేనున్నాను కదా.”

మాచన ఆగిపోయాడు. అన్న భుజాన్ని తోసుకుని వెళ్లడం అతని చేత కాదు. అది అన్న కాదని తెలిసినా చేత కాలేదు. పరుగు మొదలుపెట్టేటప్పుడు తాంబాళం అంచు నుంచి విరిచిన ముక్క ఒకటి అతని పిడికిట్లో ఉంది. కుడి అంచు ముక్క, మీగడ తాను వేలితో అదిమిన చోటిది. అతను అన్న ముఖాన్ని, కనుబొమ మీద మచ్చను, ఆ పంచె కట్టును చివరిసారి నిదానంగా చూశాడు. ముక్కను నోట్లో వేసుకున్నాడు.

పిట్టగోడ కనిపించింది. దాని మీద వెన్నెల కనిపించింది. మరెవరూ లేరు.

మాచన గోడ ఎక్కి గాలిలోకి దూకి కొంగ కాళ్లు రెండూ పట్టుకున్నాడు.

కొంగ ఒక్క కుదుపుతో కిందికి జారి, మళ్లీ రెక్కలు కొట్టుకుని లేచింది. కోట వెనక్కి పోయింది. అగడ్త, వంతెన, తుమ్మతోపులు వెనక్కి పోయాయి. కళ్ల నుంచి ఏదో కారి పెదవులకు తగిలింది. గాలికి వచ్చిందనుకున్నాడు. గాలి వెనక నుంచి వీస్తోంది. నోట్లో ఉప్పు మీద ఇంకొంత ఉప్పు చేరింది.

కింద తీరం పరుచుకుంది, కొంగ దాని వెంబడే మళ్లింది. మొదట నల్లటి రాళ్లు, వాటి మీద విరిగే అలలు. కొంగ ఆ రాళ్ల వైపే వాలుతోంది, అతన్ని వాటికేసి కొట్టి వదిలించుకోవాలని. ఆ రాళ్ల అవతల ఉప్పుమళ్లు. ప్రతి మడిలోనూ ఒక చంద్రుడు. మడికీ మడికీ మధ్య సన్నటి గట్లు, అన్న ఏటేటా సందు లేకుండా పూడ్చిన గట్లు.

మాచన ఒక చేత్తో వేలాడుతూ రెండో చెయ్యి రొంటిలో పెట్టాడు. మైనపు ముద్ద ఉంది. కొంగ ముక్కు చేతికందే దూరంలో ఉంది. మైనం కొరికి ఆ నోట్లో ఉప్పు పోస్తే మంత్రం పోతుంది. మంత్రం పోతే కొంగ మనిషవుతుంది. మనిషి ఎగరలేడు. ఆకాశంలో ఉన్నది ఇద్దరు. పడితే ఇద్దరూ పడాలి. రాళ్ల మీదా, మళ్లలోనా అన్నది తాను మైనం కొరికే క్షణాన్ని బట్టి ఉంటుంది.

కొంగ మెడ తిప్పి, మేచకుడి కళ్లతో అతన్ని చూసి, పొడవడానికి నోరు తెరిచింది.

మాచన దాన్ని చూడలేదు. కిందికి చూశాడు. అలలు పోయాయి. రాళ్లు పోతున్నాయి. వెన్నెల్లో మొదటి గట్టు తెల్లటి గీతలా కనిపించింది, దగ్గరకు వచ్చింది.

అంచు ముట్టిందా, అని ఎవరో అడిగినట్టయింది. ఈసారి ఆ గొంతు ఎక్కడా నిలబడి లేదు.

“ముట్టింది అన్నా,” అని మాచన మైనం కొరికాడు.